జానెడు పొట్ట – జానెడు చేప

వానకాలంలో జీతాలు అందిన తరువాత వచ్చే మొదటి ఆదివారం నాడు మలంచాలో ఏ వీధిలో అడుగు పెట్టినా ఒకటే వాసన. ఒక ఇంట ఆవనూనెలో ఇలిశ ముక్కలు వేగుతుంటాయి. పక్క ఇంట అదే చేప చింతపండు పులుసులో బెండకాయలతో కలిసి ఉడుకుతుంటుంది. మొదటి ఇల్లు బెంగాలీ సోదరునిది. రెండవది శ్రీకాకుళం నుండియో, విజయనగరం నుండియో తాతల కాలంలో ఇక్కడికి వచ్చి రైల్వే కార్ఖానాలో చేరిన తెలుగు కుటుంబానిది. భాష వేరు, తాలింపు వేరు. చేప మాత్రం ఒక్కటే. ఖరగ్‌పూరు పట్టణంలో కార్మికుల ఐక్యతకు ఎన్నో నిదర్శనాలు ఉన్నవి. వానకాలపు వంటిల్లు కూడ వాటిలో ఒకటి.

మేము చేప తినేవారమే. ఈ మాట ముందుగా చెప్పుకొనుట అవసరం. ఎందుచేతనంటే చేపల సంరక్షణ అనగానే, ఎన్నడూ నీచు ముట్టనివారు ఇతరులకు చేసే ఉపదేశమని చాలామంది భావిస్తారు. ఇది అట్టి ఉపదేశం కాదు. చేపల కూర లేనిదే ఆదివారం కాదనుకొనే వారిలో మేమును ఉన్నాము. చందువా వేపుడు, పండుగప్ప పులుసు, నెలాఖరున ఎండు నెత్తళ్ళు వేసిన వంకాయకూర మాకు తెలిసిన రుచులే. కావుననే ఈ వ్యాసం వ్రాయవలసి వచ్చినది.

గడచిన వానకాలంలో ఒక ఆదివారం మేము సంచి పట్టుకొని బజారుకు పోయినాము. ఐసు పరచిన బల్లమీద ఒక వైపు కిలో కిలో తూగే ఇలిశలు నాలుగు ఉన్నవి. వెల అడిగితే కిలో పదిహేను వందలు అన్నారు. రెండవ వైపు బుట్టలో వెండి రేకుల వలె మెరుస్తున్న చిన్న చేపలు కుప్పగా ఉన్నవి. అవీ ఇలిశలే, అరచేతి కంటె కొంచెం పొడవు. బెంగాలీలో వీటిని ఖోకా ఇలిశ్ అంటారు. అనగా పసిబిడ్డ ఇలిశ. వాటి వెల కిలో నాలుగు వందలు. మా ముందు నిలిచిన ఒక రిటైరైన ఖలాసీ సోదరుడు పెద్ద చేపలను ఒకసారి చూసి, ఏమీ అనకుండా బుట్ట వైపు తిరిగి అరకిలో తూయించుకొన్నారు. మేమును అదే చేసినాము. ఇంటికి వచ్చి శుభ్రం చేస్తూ చూస్తే ఒక్కదాని కడుపులోనూ గుడ్డు జాడ లేదు. బ్రతుకులో ఒక్కసారైనా గుడ్డు పెట్టని నాలుగు చేపలను కోసి కూర వండుకున్నామని అప్పుడు తెలిసినది. కూర రుచిగానే ఉన్నది. ముద్ద మాత్రం సాఫీగా దిగలేదు.

ఇట్టి చేపలను పట్టుట, అమ్ముట ఈ రాష్ట్రంలో చట్ట విరుద్ధం. 23 సెంటీమీటర్ల కంటె చిన్న ఇలిశను పట్టరాదనీ, అమ్మరాదనీ, 90 మిల్లీమీటర్ల కంటె చిన్న కన్ను గల వలను ఇలిశ వేటకు వాడరాదనీ పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2013లో ఉత్తర్వు చేసినది. 23 సెంటీమీటర్లు అనగా తొమ్మిది అంగుళాలు. మన పెద్దల కొలతలో ఒక జాన. బొటనవ్రేలును, చిటికెనవ్రేలును చాపితే వచ్చే కొలత అది. జానెడు పొట్ట కోసం ఎన్ని పాట్లు అని మనవారు అంటూనే ఉంటారు. ఆ జానెడు పొట్టను నింపుకొనే తొందరలో జానెడైనా ఎదగని చేపను తినవలెనా? తినక తప్పని పరిస్థితిని మనకు కల్పించినది ఎవరు? ఈ రెండు ప్రశ్నలను విడదీయరాదని మా అభిప్రాయం.

ముందుగా ఈ చేప సంగతి తెలుసుకొందాం. శాస్త్రజ్ఞులు దీనిని టెనువలోసా ఇలిషా అంటారు. ఇది సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టుటకు నదులలోకి ఎదురీది వస్తుంది. మన కోస్తాలో సముద్రంలో దొరికినప్పుడు దీనిని వలస అనీ, ఇలస అనీ అంటారు. గోదావరి వరదకు ఎదురీది వచ్చిన పిదప అదే చేప పులస అవుతుంది. పుస్తెలమ్మియైనా పులస తినాలని గోదావరి జిల్లాల సామెత. ఒక తల్లి చేప తన పరిమాణాన్ని బట్టి లక్ష మొదలు ఇరవై లక్షల వరకు గుడ్లు పెట్టగలదు. నదిలో పుట్టిన పిల్లలు కొన్ని నెలలు మంచినీటిలోను, నదీముఖాలలోను పెరిగి సముద్రం చేరుతాయి. ఒకటి రెండేళ్ళలో అవి గుడ్డుకు వచ్చి తిరిగి నది బాట పడతాయి.

రైల్వే ఉద్యోగులకు ఈ జీవితాన్ని వివరించుట సులభం. తల్లి చేపలు నదిలోకి వచ్చేది అప్ లైను. పిల్లలు సముద్రానికి పోయేది డౌన్ లైను. రెండు లైన్లూ ఖాళీగా ఉంటేనే రాకపోకలు సాగుతాయి. ఏ ఒక్కటి మూసినా రెండవది కూడ కొంత కాలానికి తనంతట తానే ఆగిపోతుంది. నేడు ఆ రెండు లైన్లకూ అడ్డంకులు ఏర్పడినవి.

అప్ లైను సంగతి చూడండి. గంగానదిపై ఫరక్కా బ్యారేజీ 1975లో పనిచేయనారంభించినది. అంతకు పూర్వం ఇలిశ ఆ నదిలో అలహాబాదు వరకు, ఆ పైకి కూడ పోయేది. బ్యారేజీ వచ్చిన తరువాత ఎగువన బీహారు, ఉత్తర ప్రదేశ్ జాలరులకు ఆ చేప దాదాపు దక్కకుండా పోయినది. మన గోదావరిలో ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయినది. దాని స్థానంలో తరువాత బ్యారేజీ నిర్మించబడినది. పులస ప్రయాణం అక్కడితో సరి. ఆనకట్టలు వద్దని మేము అనుట లేదు. ఆ ఆనకట్ట నీటితో పండిన బియ్యమే మన తాతలు తిన్నారు. అయితే నీటికి దారి వేసినవారు చేపకు కూడ దారి విడువవలసి ఉన్నదని మాత్రం అంటున్నాము.

ఇక హౌరాకు పోయి వచ్చే మనవారందరికీ కోలాఘాట్ వంతెన పరిచితమే. 1900లో రూపనారాయణ్ నదిపై ఆ వంతెన పూర్తి అయిన పిమ్మటనే ఖరగ్‌పూరుకు హౌరాతో నేరుగా రైలు సంబంధం కలిగినది. ఒకప్పుడు కోలాఘాట్ ఇలిశ అంటే కలకత్తా వరకు పేరు. నేడు బండి కిటికీలోనుండి చూస్తే నదిలో మేటలు కనిపిస్తాయి. ఆ పేరు మిగిలినది. ఆ చేప అరుదైనది. కోలాఘాట్ పేరు చెప్పి సముద్రపు చేపను అమ్మే రోజులు వచ్చినవి. గోదావరి తీరాన సైతం ఒరిస్సా, బెంగాల్ సముద్రాల నుండి ఐసులో వచ్చిన చేపను పులస అని అమ్ముతున్నారన్న ఫిర్యాదులు వింటున్నాము. అసలైన పులస ఒక్కటి వేలంపాటలో ఇరవై వేల రూపాయలు దాటిన వార్తలు కూడ పత్రికలలో వచ్చినవి. ఒక వస్తువు అపురూపమైనదని సంతోషించుటకు ముందు, అది ఎందుకు అపురూపమైనదో ఆలోచించుట వివేకం.

డౌన్ లైనుకు అడ్డం చిన్న కన్నుల వల. నదీముఖాలలోను, ఒడ్డుకు దగ్గరలోను సన్న వలలు పన్నితే సముద్రానికి పోయే పిల్ల చేపలు అక్కడే చిక్కుతాయి. లోతు నీటిలో ట్రాలర్లు అడుగును ఊడ్చుకొంటూ పోతాయి. వాటి వలలో పెద్ద చేపలతో పాటు తినుటకు పనికిరాని చిన్న చేపల పిల్లలు కూడ టన్నుల కొద్దీ పడతాయి. అవి చేపల పొడి తయారుచేసే మిల్లులకు పోయి, రొయ్యల మేతగా మారుతాయి. ఆ రొయ్యలు ఓడలెక్కి విదేశాలకు పోతాయి. సముద్రంలో పెరిగితే పదిమంది పేదల కంచాలలోకి రావలసిన చేప, పెరుగకుండానే పిండియై ధనికుని పళ్ళెంలోని రొయ్య అవుతున్నది. పాలకంకి మీద చేను కోసి పశువుల మేతకు అమ్మిన రైతును మనం ఏమంటాం?

ఇందులో మన రైల్వేకు కూడ పాత్ర ఉన్నదని మరువరాదు. రైలు, ఐసు రాకముందు చేపను పట్టిన చోటనే తినేవారు, మిగిలినది ఎండబెట్టేవారు. రైలు వచ్చిన తరువాత తూర్పు బెంగాల్‌లోని గోవాలందో ఘాట్ నుండి ఇలిశ బుట్టలు సియాల్దాకు చేరినవి. చిలకా సరస్సు తీరంలోని బాలుగావ్ నుండి చేపలు ఇదే లైను మీదుగా కలకత్తాకు పోయినవి. ఆ బుట్టలను తూచి, చీటీ అంటించి, బండిలో ఎక్కించినవారు మనవారే. ఊరి వేటను దేశపు వ్యాపారంగా మార్చిన సాధనం మన చేతిలోనిది. కావున ఈ విషయం జాలరులది మాత్రమే, మనది కాదు అని తప్పించుకొనే వీలు లేదు.

పూర్వులు ఈ విషయంలో పూర్తిగా అజ్ఞానులు కారు. తూర్పు బెంగాల్ నుండి వచ్చిన అనేక కుటుంబాలలో ఆశ్వయుజ పౌర్ణమి నాటి లక్ష్మీపూజ తరువాత ఇలిశ తినుట మాని, మాఘంలో సరస్వతీ పూజ నాడు జంట ఇలిశలు తెచ్చి తిరిగి ప్రారంభించే ఆచారం ఉన్నది. ఇలిశ ముమ్మరంగా గుడ్లు పెట్టేది ఆశ్వయుజ పున్నమి, అమావాస్యల ప్రాంతంలోనే. తరువాతి నెలలు పిల్లలు పెరిగే కాలం. మన తెలుగు ఇండ్లలో కార్తీకమాసం నీచు ముట్టని వారు ఎందరో ఉన్నారు. ఆచారానికి చెప్పుకొన్న కారణం దైవభక్తి కావచ్చును; ఫలితం మాత్రం నదికి కొన్నాళ్ళ విశ్రాంతి. నేడు శీతల గిడ్డంగులు వచ్చి ఏడాది పొడవునా అన్ని చేపలూ దొరుకుతున్నవి గనుక ఆ విశ్రాంతి లేకుండా పోయినది. దాని స్థానంలో చట్టం రావలసి వచ్చినది.

తూర్పు తీరమంతటా ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో యాంత్రిక వేట నిషిద్ధం. 2015కు ముందు ఇది 47 రోజులు. అనేక జాతుల చేపలు గుడ్లు పెట్టే కాలం ఇది. ఆ రెండు నెలలు దీఘా, శంకర్‌పూర్ రేవులలోను, విశాఖపట్నం, కాకినాడ రేవులలోను పడవలు వరుసగా లంగరు వేసి ఉంటాయి. ఈ నిషేధాన్ని మేము పూర్తిగా సమర్థిస్తున్నాము. అయితే కార్మికోద్యమంలో పనిచేసిన వారిగా మాకు ఇందులో ఒక ప్రశ్న కనిపిస్తున్నది. సముద్రానికి విశ్రాంతి ఇచ్చిన ఆ 61 రోజుల ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

విశ్రాంతి విలువ మనకు ఎవరూ బోధించనక్కరలేదు. పదునాలుగేసి గంటలు ఇంజను మీద నిలిచిన లోకో రన్నింగు సిబ్బంది పది గంటల డ్యూటీ కోసం 1973లో సమ్మె చేసినారు. తపాలా సోదరులు 1946లో దేశమంతటా సమ్మె చేసి తమ మాట వినిపించినారు. మనిషి శరీరమైనా, యంత్రమైనా, సముద్రమైనా విశ్రాంతి లేకుండా పనిచేయించితే పాడైపోతుంది. అయితే మనం కోరినది జీతంతో కూడిన విశ్రాంతి. జీతం లేని విశ్రాంతికి మన భాషలో వేరే పేరు ఉన్నది. దానిని లాకౌటు అంటారు. 1927లో ఖరగ్‌పూరు కార్ఖానా కార్మికులు సమ్మెను, లాకౌటును కూడ చవిచూచినారు. ఆనాడు బి.ఎన్.ఆర్. కార్మిక సంఘానికి నాయకత్వం వహించినవారు వి.వి. గిరి గారు. గేటు మూసిన నాడు పొయ్యి ఎట్లు చల్లారుతుందో ఈ పట్టణానికి తెలుసు.

జాలరికి 61 రోజులు సముద్రపు గేటు మూసివేయబడుతున్నది. అతనికి అందుతున్నది ఎంత? ఆంధ్రప్రదేశ్‌లో నిషేధ కాలపు సహాయం 2019లో కుటుంబానికి రూ. 4,000 నుండి రూ. 10,000కు, 2025లో రూ. 20,000కు పెరిగినది. రోజుకు లెక్క వేస్తే సుమారు రూ. 328. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2024 బడ్జెటులో నెలకు రూ. 5,000 వంతున రెండు నెలలు ఇస్తామని ప్రకటించినది. రోజుకు సుమారు రూ. 164. కేంద్ర ప్రభుత్వపు పొదుపు – సహాయ పథకంలో మూడు నెలలకు రూ. 4,500. రోజుకు రూ. 50, అందులోనూ రూ. 1,500 జాలరి తాను ముందుగా దాచుకొన్నదే. ఈ సొమ్ముతో ఒక కుటుంబం ఎట్లు గడుస్తుందో మనలో ప్రతి ఒక్కరూ తమ ఇంటి ఖర్చుతో పోల్చి చూడవచ్చును. పేరు నమోదు కాని కూలీలకు, చేపలు ఎండబెట్టే స్త్రీలకు, బుట్ట నెత్తిన పెట్టుకొని వీధివీధి తిరిగే అమ్మలకు ఆ మాత్రం కూడ చాలాచోట్ల దక్కదు. అప్పుడు జాలరి ఆరత్‌దారు వద్ద అప్పు చేస్తాడు. నిషేధం ముగిసిన నాడు ఆ అప్పు తీర్చుటకు ఏ వల దొరికితే ఆ వల, ఏ చేప పడితే ఆ చేప పట్టుతాడు. చిన్న కన్ను వల వెనుక పెద్ద అప్పు ఉన్నది. వలను మాత్రమే జప్తు చేసి అప్పును విడిచిపెట్టిన చట్టం సగం చట్టం.

ఈ విషయంలో పొరుగుదేశపు అనుభవం పరిశీలించదగినది. బంగ్లాదేశ్‌లో పిల్ల ఇలిశను జాట్కా అంటారు. నవంబరు నుండి జూన్ వరకు దానిని పట్టుట నిషేధం. అక్టోబరులో 22 రోజులు ఇలిశ వేట యావత్తు నిషేధం. దానితో పాటు జాలరి కుటుంబాలకు నాలుగు నెలల పాటు నెలకు 40 కిలోల బియ్యం ఇచ్చే ఏర్పాటు చేసినారు. 2002–03లో సుమారు 2 లక్షల టన్నులు ఉన్న అక్కడి ఇలిశ దిగుబడి 2017–18 నాటికి 5 లక్షల టన్నులు దాటినది. బియ్యం మాత్రమే చాలదనీ, వడ్డీ వ్యాపారుల దాదన్ అప్పులు అట్లే ఉన్నవనీ అక్కడి జాలరులు చెబుతూనే ఉన్నారు. నదుల కాలుష్యం, మేటల వలన ఇటీవల దిగుబడి మళ్ళీ తగ్గుముఖం పట్టినది. అయినను నిషేధం, సహాయం జోడెడ్ల వలె కలిసి నడిస్తే చేప తిరిగి వస్తుందని అక్కడ రుజువైనది. నేడు ప్రతి దుర్గాపూజకు పద్మానది ఇలిశ ఎన్ని టన్నులు పంపుతారా అని మన బెంగాల్ ఆ దేశం వైపు ఎదురు చూడవలసి వస్తున్నది.

మన దేశంలోనే కేరళ చరిత్ర మరింత ఉత్తేజకరం. అక్కడ వానకాలంలో ట్రాలర్ల వేట నిషేధించాలని కోరినది అధికారులు కాదు. చిన్న పడవల జాలరుల సంఘాలే. 1980 దశకంలో వారు నిరాహార దీక్షలు చేసినారు, రోడ్ల మీదకు వచ్చినారు. 1988లో ప్రభుత్వం నిషేధం విధించినది. చేపల సంరక్షణ కోరేవారు జాలరికి శత్రువులని చెప్పేవారికి ఇదే సమాధానం. సముద్రం ఖాళీ అయితే మొదట ఆకలితో పడుకొనేది తానేనని జాలరికి తెలుసు.

ఆ మాట విననిచోట ఏమి జరిగినదో కెనడా దేశపు న్యూఫౌండ్‌లాండ్ చెబుతుంది. కాడ్ అనే చేప అక్కడ శతాబ్దాల పాటు తరగని గని వలె ఉండేది. పెద్ద ట్రాలర్లు వచ్చినవి. చేప సన్నబడుతున్నదని ఒడ్డుదరి జాలరులు మొరపెట్టినారు. ఎవరూ వినలేదు. 1992 జూలైలో ప్రభుత్వం కాడ్ వేటనే నిలిపివేసినది. ముప్పది వేల మంది జాలరులు, చేపల ఫ్యాక్టరీల కార్మికులు ఒక్కసారిగా పనిలేనివారైనారు. కాడ్ వాణిజ్య వేటను పరిమితంగా తిరిగి అనుమతించుటకు 2024 వరకు 32 సంవత్సరాలు పట్టినది. అనగా ఒక కార్మికుని సర్వీసు కాలం మొత్తం. సముద్రం ఒకసారి షెడ్డుకు చేరితే ఓవర్‌హాలుకు అంత కాలం పడుతుంది.

ఇక మాకు వినవచ్చే ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పవలసి ఉన్నది. "పెద్ద చేప అధికారి బంగళాకు పోతుంది. పింఛను మీద బ్రతికే మాకు పిల్ల చేప ఒక్కటే అందుబాటులో ఉన్నది. అది కూడ తినవద్దంటే మేము ఇలిశ రుచి మరచిపోవలెనా?" అని ఒక సోదరుడు మమ్ములను అడిగినారు. ఈ ప్రశ్నలో న్యాయం ఉన్నది. సంరక్షణ పేరిట పేదవాని కంచం మాత్రమే ఖాళీ చేసే విధానాన్ని మేము కూడ అంగీకరించము. అయితే ఆ సోదరునికి మా విన్నపం ఇది. పెద్ద చేప వెల పదిహేను వందలు ఎందుకైనది? పెరగవలసిన చేపలను ఎదగకముందే బుట్టలకెత్తుట అందుకు ఒక ముఖ్య కారణం. నేటి నూటయాభై గ్రాముల చేపను విడిచిపెడితే అది ఏడాది రెండేళ్ళలో అనేక రెట్లు బరువెక్కుతుంది. గుడ్లు పెట్టి తన సంతతిని కూడ నదికి అప్పగిస్తుంది. చిన్న చేప చవుక కాదు. అది రేపటి చేపను తాకట్టు పెట్టి నేడు చేసిన అప్పు. అప్పుల సంగతి మన కార్మిక కుటుంబాలకు ఎరుకే.

ఒక్కరు మానితే ఏమవుతుందని మరికొందరు అంటారు. ఒక్కరు మానితే ఏమీ కాదు. ఈ సంగతి కార్మికోద్యమం పుట్టిననాడే మనకు తెలిసినది. ఒక్కడు పని ఆపితే అతని ఉద్యోగం పోతుంది. అందరూ ఆపితే బండి ఆగుతుంది. 1974 మే నెలలో దేశమంతటా బండ్లు ఆగిన రోజులను చూచినవారు మనలో ఇంకను ఉన్నారు. మలంచాలోను, గోల్ బజారులోను జానెడు కంటె చిన్న ఇలిశను కొనేవారు లేరని తెలిస్తే, ఆ బుట్ట రెండు వారాలలో బజారు నుండి మాయమవుతుంది. అమ్మే సోదరుని మీద అరచుట కాదు, అతనితో మాట్లాడుట మన పద్ధతి కావలెను. అతడును రోజు కూలీయే.

కావున మేము సోదర ఉద్యోగుల ముందు ఈ క్రింది విషయాలను ఉంచుతున్నాము.

ఒకటి: జానెడు కంటె చిన్న ఇలిశను మన ఇంట వండరాదు. మన శాఖల విందులలోను, రిటైర్మెంటు సభల భోజనాలలోను ఈ నియమం తప్పక పాటించవలెను.

రెండు: ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, తిరిగి ఆశ్వయుజ పున్నమి ప్రాంతంలోను ఇలిశను విడిచి చెరువు చేపను తినవచ్చును. కైకలూరు, ఆకివీడు ప్రాంతాలలో పెరిగిన మన రోహు, కట్ల బెంగాల్ బజారులకు ఎప్పటినుండియో వస్తున్నవి. ఆవ పెట్టి వండితే అవి మనలను నిరాశపరచవు.

మూడు: నిషేధ కాలపు సహాయం ఆ రాష్ట్రపు కనీస వేతనానికి తక్కువ కారాదనీ, నిషేధం ఆరంభం కాకముందే చేతికి అందవలెననీ, చేపలు ఎండబెట్టే స్త్రీలకు, అమ్మే స్త్రీలకు కూడ వర్తించవలెననీ జాలరుల సంఘాలతో కలిసి మన సంఘాలు తీర్మానాలు చేయవలెను. తీరగ్రామాలలోని తపాలా సోదరులు అర్హుల పేర్లు నమోదు చేయించుటలోను, ఖాతాలు తెరిపించుటలోను తోడ్పడగలరు. ఆ గ్రామాలలో ఎవరి ఇంట పొయ్యి వెలుగుతున్నదో, ఎవరి ఇంట లేదో పోస్టుమాను కంటె బాగా తెలిసినవారు లేరు.

నాలుగు: వల కన్ను కొలత చట్టాన్ని చిన్న పడవ మీద కాక ముందుగా పెద్ద ట్రాలరు మీద అమలు జరుపవలెనని, పిల్ల చేపలను పొడి మిల్లులకు తరలించుట ఆపవలెనని ప్రభుత్వాలను కోరవలెను.

చేపను ప్రేమించేవారే చేపను కాపాడగలరు. నీచు ముట్టనివారికి సముద్రం ఖాళీ అయిన సంగతి పత్రికలో చదివితే గాని తెలియదు. మనకు కంచంలోనే తెలుస్తుంది. మన తాతలు తూర్పు తీరం నుండి ఈ పట్టణానికి వచ్చినప్పుడు తమతో పులుసు రుచిని తెచ్చుకొన్నారు. మూడు తరాలు ఆ రుచి చెడకుండా మనకు అందినది. మన మనుమలు మలంచా వీధిలో నడుస్తూ వానకాలపు ఆదివారం ఏ వాసన పీల్చవలెనో మనం నేడు బజారులో నిర్ణయిస్తున్నాము.

ఆ నాటి తరువాత మేము బజారుకు పోయినప్పుడు బుట్ట ముందు నిలిచి, చేప పక్కన చెయ్యి చాపి చూచుట అలవాటు చేసుకున్నాము. కొందరు నవ్వినారు. ఒకరిద్దరు తామును చెయ్యి చాపి చూచినారు. ఖరీదైన పరికరం కాదు, ప్రతి కార్మికునికీ పుట్టుకతో వచ్చిన కొలబద్దయే అది. రానున్న ఆదివారం సోదరులందరూ ఆ చేతిని ఒకసారి చాపి చూడవలెనని మా మనవి.